మా ఇంటి ఓనరు మా చెల్లెలు

మేముంటున్న పోర్షన్ అమ్మకానికొచ్చిందని మా చెల్లెలికి చెప్పింది నేనే. ఇంకెవరైనా చెప్పి ఉంటే ఆ మనిషిని తిట్టుకుంటూ హాయిగా బతికేదాన్ని. ఆ అదృష్టం కూడా లేకపోయింది.

ఎండాకాలం అప్పుడే మొదలవుతోంది. బడులకి ఇంకా సెలవులివ్వలేదు గానీ నాకు మాత్రం యూనిఫారాల పని వచ్చిపడింది. బడులు తెరిచేనాటికి చేతికందాలని తల్లులు ముందే బట్ట పడేసి పోతారు. ముందు గదిలో మిషను, మిషను చుట్టూ నీలం బట్టల గుట్టలు. ఆ గుట్టల మధ్య, బీరువాకి ఆనుకుని కింద కూర్చుని, మా చెల్లెలు టీ తాగుతోంది. వారానికోసారి ఆఫీసు నుంచి పోతూ పోతూ ఇలా మా ఇంట్లో దిగేది. నాకు గుండీలు కుట్టిపెడుతూ కబుర్లు చెప్పేది.

"పొద్దున గొడుగాయన వచ్చాడే," అన్నాను.

గొడుగాయనంటే మా ఓనరు. చేతిలో గొడుగు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. మూడంతస్తుల పాత బిల్డింగు ఆయనది. అంతస్తుకి రెండు పోర్షన్లు. ఒక్కోదానికి రెండు గదులు, ఒక వంటిల్లు, నిలబడితే మోచేతులు గోడలకి తగిలే బాత్‌రూము. మధ్య అంతస్తులో మేం పన్నెండేళ్ళుగా ఉంటున్నాం. మా పాప నడక నేర్చుకుంది ఆ ముందు గదిలోనే.

"అద్దె పెంచుతానన్నాడా?"

"అది నయం. అమ్మేస్తాడట. కూతురి దగ్గరికి పోయి ఉంటాడట. మొత్తం బిల్డింగు ఒక్కడే కొనేవాడు దొరకట్లేదని ఏ పోర్షన్‌కా పోర్షన్ విడగొట్టి అమ్ముతాడట. 'మీరు పాతవాళ్ళు కదమ్మా, ముందు మీకే చెప్తున్నా, మీది మీరే తీసుకోండి' అన్నాడు."

"మరి తీసుకోవచ్చు కదక్కా?"

"మీ బావనడుగు."

మా ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. నెమ్మదైన మనిషి. అప్పు మాటెత్తితే మాత్రం ఒళ్ళు వెచ్చబడుతుంది. లోపలి గదిలోంచే జవాబిచ్చాడు.

"సెలవులు ఇచ్చారంటే బండి కదలదు. బండి కదలని నెలల్లో బ్యాంకువాడికేం ఇస్తాం? నీలం నిక్కర్లా?"

"విన్నావుగా," అన్నాను. అని ఊరుకున్నానా? లేదు. నోరు కట్టేసుకోవడం మా ఇంటావంటా లేదు. "అయినా ఈ ఇంటికేం తక్కువే? పొద్దున్నే వంటింట్లోకి వెలుతురు. సాయంత్రమైతే ముందు గదిలోకి గాలి. ఎదురుగా ఆసుపత్రి, నర్సులు ఇళ్ళ కోసం మెట్లెక్కి దిగుతూనే ఉంటారు. అద్దెకి పెడితే ఒక్క పూట ఖాళీగా ఉండదు. కళ్ళెదుట కనిపిస్తున్నా నోటికందదు చూడు, అదీ నా రాత."

అది తల వంచుకుని గుండీ కుడుతూనే ఉంది. దారం పంటితో తెంపి, "ఎంత చెప్తున్నాడేంటి?" అంది, మాటవరసకి అడిగినట్టు.

చెప్పాను. ఎందుకడుగుతోందో అని తట్టనైనా తట్టలేదు.

సెలవులిచ్చాక వచ్చిన మొదటి ఆదివారం మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ కలిసి వచ్చారు. మా మరిదికి టైల్స్ కొట్టుంది. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరింటికి వెళ్ళినా ముందు నేల చూసి తర్వాత ముఖం చూస్తాడు, అంతే. ఆ రోజు జేబులోంచి కొలతల టేపు తొంగి చూస్తోంది.

"అక్కా, ఒక మాట చెప్పాలి. తిట్టకూడదు," అంది చెల్లెలు.

"చెప్పు."

"మేం తీసుకున్నాం."

"ఏం తీసుకున్నారు?"

"ఇదీ... కిందదీ. రెండూ."

నేను కత్తెరతో నిక్కరు జేబు కత్తిరిస్తున్నాను. కత్తెర ఆగలేదు. జేబు కాస్తా అడుగు దాకా తెగింది.

"రెండు కలిపి తీసుకుంటే ధర తగ్గించాడు వదిన గారూ," అన్నాడు మరిది ఉత్సాహంగా. "డబ్బుని బ్యాంకులో పడుకోబెట్టడం కంటే చిన్న పోర్షన్లు కొని అద్దెకివ్వడం నయం. పెద్ద ఇల్లు కొన్నామనుకోండి, ఉన్నవాడు ఖాళీ చేసి పోతే ఆ నెల మొత్తం గుండు సున్నా. ఇవైతే ఒకటి ఖాళీ అయినా రెండోది నడుస్తూనే ఉంటుంది. చిన్నవే కొనాలి, ఎక్కువ కొనాలి. అదీ సూత్రం."

"అక్కా, ఎవరో కొత్తవాళ్ళు కొంటే మిమ్మల్ని ఖాళీ చేయమంటారు కదా," అంది చెల్లెలు, నా ముఖం చూసి గబగబా. "మేమైతే మీరు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళుండొచ్చు."

అది నిజమే. అబద్ధమైతే ఎంత బాగుండేది, జుట్టు పట్టుకుని పోట్లాడేదాన్ని. నిజం కాబట్టి మింగలేక కక్కలేక కూర్చున్నాను.

"అద్దె కూడా నువ్వేం ఇవ్వొద్దు," అందది. పక్కన మా మరిది ముఖం రంగు మారింది.

"ఎందుకివ్వను? అందరిలాగే ఇస్తాను. ఒకటో తారీఖున ఇస్తాను."

ఆయన ముఖం మళ్ళీ వెలిగింది. లేచి వంటింట్లోకి వెళ్ళి టేపు లాగి నా గట్టు కొలవడం మొదలుపెట్టాడు. "ఈ గట్టు పడగొట్టేసి, ఇటు తిప్పి..." అంటున్నాడు. పన్నెండేళ్ళుగా నేను అరిగించిన గట్టు. ఇటు చూస్తే మా ఆయన, టేపు రెండో కొస పట్టుకుని బుద్ధిగా నిలబడి ఉన్నాడు.

వాళ్ళు వెళ్ళగానే ఆయన మీద పడ్డాను.

"సిగ్గులేదూ? మన ఇల్లు కొలవడానికి టేపు పట్టుకుంటారా?"

"పట్టుకోమన్నాడు, పట్టుకున్నా. అయినా మంచిదే కదా. రేపు అద్దె రెండు రోజులు ఆలస్యమైతే అరిచేవాళ్ళుండరు. సొంతమనుషులు."

"సొంతమనుషులు కాబట్టే మండుతోంది!"

నిజం చెప్పాలంటే ఎవరో ముక్కూముఖం తెలియనివాడు కొని ఉంటే నాకింత మంట ఉండేది కాదు. ఆ రోజు సాయంత్రమే అమ్మ ఫోను. అమ్మ తమ్ముడి దగ్గరుంటుంది. మా ముగ్గురి కబుర్లూ ఒకరివి ఒకరికి చేరవేయడమే ఆవిడకి కాలక్షేపం. "చూశావా, చిన్నది చడీచప్పుడు లేకుండా ఎంత పని చేసిందో! మరి నువ్వు?" అంది. మరి నేనేంటి? చిన్నప్పుడు నా గౌన్లు పొట్టయితే దానికిచ్చేవాళ్ళు. నేను విడిచింది తొడుక్కోవడం దానికి మొదటి నుంచీ అలవాటే. కాకపోతే ఈసారి నేను విడవకముందే తొడుక్కుంది.

కింది పోర్షన్‌లో పని మొదలైంది. "నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు కదక్కా, కాస్త చూస్తూ ఉండవా?" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది. కాదంటే కుళ్ళుకుంటోందనుకుంటారని తీసుకున్నాను. అలా జీతం లేని మేస్త్రీనయ్యాను.

రోజూ నాలుగుసార్లు మెట్లు దిగేదాన్ని. చూడటానికే దిగేదాన్ని, చూసి కడుపుమండి పైకొచ్చేదాన్ని, మళ్ళీ దిగేదాన్ని. మా బాత్‌రూములో కొళాయికి దారం కట్టి లాక్కొస్తున్నాం. అక్కడ మెరిసే కొత్త కొళాయిలు బిగించారు. మా వంటింట్లో గిన్నెలు నేల మీద. అక్కడ తలుపులున్న అరలు. గోడలకి లేతాకుపచ్చ. ఆ రంగు వేయించుకోవాలని ఎన్నేళ్ళ నుంచో నేను అంటుండగా విన్నది అదొక్కతే.

"ఓనరమ్మగారే ఎంచుకున్నారండీ రంగు," అన్నాడు పెయింటరు. "బాగుంది కదండీ?"

"బాగానే ఉంది," అన్నాను. బాగుండటమే కదా నా బాధ. "ఆ మూల చూడు, లోపలి సున్నం కనిపిస్తోంది. ఇంకో కోటు వెయ్యి."

"ఓనరమ్మగారు సరిపోతుందన్నారండీ."

"ఓనరమ్మకేం తెలుసు? ఇక్కడ ఉండేది నేను. వెయ్యి."

వేశాడు. ఇంకా బాగా వచ్చింది. నా చేత్తో నేనే దాన్ని ఇంకా అందంగా చేయించానని పైకొచ్చాక గానీ తెలియలేదు.

అద్దెకి అడగడానికి ఇద్దరు నర్సులొచ్చారు. డ్యూటీ దిగి అట్నించి అటే వచ్చినట్టున్నారు, నిలబడే ఆవలిస్తున్నారు. పెద్ద నర్సు ముక్కు విరిచి, "గ్రౌండ్ ఫ్లోర్ కదా, దోమలూ తేమా ఉంటాయేమో?" అంది.

ఎక్కడలేని పౌరుషం వచ్చింది నాకు. పన్నెండేళ్ళుగా నేనున్న బిల్డింగుకి నా ముందే వంక పెట్టడమా?

"తేమా? చెయ్యి పెట్టి చూడమ్మా ఆ గోడ. వానాకాలంలో వీధంతా మునిగినా ఈ గుమ్మం తడవలేదు. మీరు పగలు పడుకునే మనుషులు కదా, ఈ వెనక గదిలో పడుకోండి, బస్సు హారన్ కూడా వినపడదు. నీళ్ళకి కొదవ లేదు. పైన నేనుంటాను, బట్టలారేస్తే తీసి మడతపెడతాను. ఇంతకంటే మంచి పోర్షన్ ఈ చుట్టుపక్కల దొరికితే వచ్చి నాకు చెప్పండి."

వాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. అక్కడికక్కడే అడ్వాన్సు నా చేతిలో పెట్టారు.

చెల్లెలికి ఫోను చేశాను. "అక్కా! నువ్వు బంగారం!" అని ఆఫీసు అదిరిపోయేలా అరిచింది. ఫోను పెట్టేసి మెట్ల మీద కూలబడ్డాను. చేసిన పనేంటో అప్పుడు తలకెక్కింది. దాని పెట్టుబడికి మొదటి సంపాదన నా నోటితో నేనే తెచ్చిపెట్టాను. ఆ పూట ఒక నిక్కరుకి రెండు కాళ్ళూ కుడివైపువే కుట్టాను.

ఒకటో తారీఖు వచ్చింది. అద్దె తీసి దాని చేతిలో పెట్టాను. అది తీసుకోనంది. నేను ఇస్తానన్నాను. ఇద్దరం ఆ కవరుని అటూ ఇటూ తోసుకున్నాం. చివరికి దాన్ని టీ గ్లాసు కింద పెట్టేసి మెట్లు దిగి పారిపోయింది. ఇచ్చి రమ్మని మా ఆయన్ని వెనకాలే పరిగెత్తించాను. ఆయన కాసేపాగి, కవరు కవరులాగే పట్టుకుని, పాపకి కోన్ ఐస్‌క్రీమ్‌తో సహా తిరిగొచ్చాడు. "మీ చెల్లెలు కొనిపెట్టింది," అన్నాడు, తనూ ఒకటి చప్పరిస్తూ.

మర్నాడు పొద్దున్నే మరిది వచ్చాడు. "మా ఆవిడ మొహమాటపడిందట వదిన గారూ," అని కవరు తీసుకుని, జేబులో పెట్టుకుని, మజ్జిగ తాగి వెళ్ళాడు. ఆయన్ని చూస్తే నాకు కోపం రాలేదు. లెక్క మనిషి, లెక్కగా ఉన్నాడు. నా కుళ్ళంతా దాని మీదే. అది మంచిగా ఉన్నకొద్దీ ఎక్కువైంది. గుమ్మంలోకి వస్తూ ఇదివరకు నన్ను చూసేది. ఇప్పుడు పైకప్పు చూస్తోందనిపించేది. కిటికీ రెక్క తెరిస్తే, తన కిటికీ కాబట్టి తెరిచిందనిపించేది. అది నిజంగా అలా చూసిందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

ఎండలు ముదిరాయి. రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. ఒక మధ్యాహ్నం దారపు ఉండలు అయిపోయి బజారుకి వెళ్ళాను. మా ఆయన పాపని ఈతకి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మా తలుపు తాళం తీసి ఉంది. గుమ్మం బయట దాని చెప్పులు.

నిలువునా మండిపోయింది. ఓనర్లకి ఇంకో తాళంచెవి ఉంటుందని తెలుసు. గొడుగాయన దగ్గరా ఉండేది. అన్నేళ్ళలో ఆయన ఒక్కసారైనా అలా లోపలికి వచ్చింది లేదు.

తలుపు తోశాను. అది నేల మీద పడుకుని ఉంది. మిషను పక్కన, కుట్టిన చొక్కాల దొంతర తలకింద పెట్టుకుని, ఆఫీసు బట్టల్లోనే. ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతోంది. కాళ్ళూ చేతులూ నాలుగు దిక్కులా పారేసి, నోరు కొంచెం తెరిచి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. పెద్దవాళ్ళు అలా నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్ళిపోవచ్చు. సంచీని కావాలనే ధడాలున బల్ల మీద పడేశాను.

ఉలిక్కిపడి లేచింది. "వచ్చావా అక్కా... తలనొప్పిగా ఉంటే సగం రోజు సెలవు పెట్టాను. కాసేపు పడుకుందామని..."

"మీ ఇంటికి పోవచ్చుగా?"

"అక్కడ పగలు పడుకోరు కదక్కా," అంది. బస్సు ఇటు వెళ్ళదు కదా అన్నట్టు, మామూలుగా. "పగలు పడుకున్న మనిషిని చూస్తే మా అత్తగారికి కంగారు. జబ్బు చేసిందా అని ఇంట్లో అందర్నీ పిలుస్తుంది." నవ్వబోయింది.

నేను నవ్వలేదు. "తాళం చేతిలో ఉంది కదా అని ఎప్పుడంటే అప్పుడు వచ్చేస్తావా? ఊరికే ఉంటున్నామా ఇక్కడ? అద్దె ఇస్తున్నాం. అద్దె ఇచ్చినన్నాళ్ళూ ఇది మా ఇల్లు."

అది బ్యాగులోంచి తాళాల గుత్తి తీసి, అందులోంచి మా ఇంటి తాళంచెవి విడదీయడానికి చాలాసేపు అవస్థపడింది. గోరు విరిగింది. తీసి మిషను మీద పెట్టింది.

"తప్పేలే అక్కా," అంది.

చెప్పులేసుకుని వెళ్ళిపోతుంటే చూశాను. దాని చెంప మీద చొక్కా గుండీ అచ్చు గుండ్రంగా, ఎర్రగా పడి ఉంది.

ఆ తర్వాత అది మా ఇంటికి రావడం మానేసింది. గుండీలన్నీ నేనే కుట్టుకున్నాను. పాప, "పిన్ని రాలేదేంటి?" అని అడుగుతుంటే, "ఆఫీసులో పని," అనేదాన్ని. అవసరమొచ్చినప్పుడల్లా మరిదే వచ్చేవాడు. ఒక రోజు గొంతు సవరించుకున్నాడు.

"వదిన గారూ, కింద వాళ్ళిచ్చే అద్దె మీకు తెలుసు. మీరిచ్చేది గొడుగాయన కాలం నాటిది. వాళ్ళంత అడగను. ఆ తేడాలో సగమైనా పెంచితే..."

నిజంగా చెప్తున్నాను, ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ దేన్ని పట్టుకుని కోపం చూపించాలో తెలియక కొట్టుకుంటున్నాను. ఇదిగో, చేతికందింది.

"అక్కర్లేదు మరిది గారూ. వచ్చే నెల ఖాళీ చేస్తాం," అన్నాను.

ఆయన ఒక్క క్షణం బిత్తరపోయి, మరుక్షణం కళ్ళతోనే గదులు కొలవడం మొదలుపెట్టాడు. మా ఆయన మాత్రం నోరు తెరుచుకుని నా వంకే చూస్తూ ఉండిపోయాడు.

మరిది మెట్లు దిగాక అడిగాడు. "ఆ కాస్త పెంపుకి ఇల్లు మారతామా?"

"పెంచమనండి, ఎంతైనా పెంచమనండి. నేను దాని ఇంట్లో ఉండలేను."

ఆయన నెమ్మదిగా అన్నాడు. "కొనలేకపోయింది నేను. భయపడింది నేను. ఆ కోపం నా మీద చూపించు, పడతాను. ఆ పిల్ల మీదెందుకు?"

పెళ్ళైనప్పటి నుంచి ఆయన అన్ని మాటలు ఒక్కసారి అనడం అదే. నేను మిషను తొక్కడం మొదలుపెట్టాను. ఆయన లేచి చొక్కా వేసుకుని ఇల్లు వెతకడానికి వెళ్ళాడు.

రెండు వీధుల అవతల దొరికింది. పగలు కూడా లైటు వేసుకోవాలి. ఓనరు ఒక రిటైరైన లెక్కల మాస్టారు. మేకు కొట్టాలన్నా అడిగి కొట్టాలి. "మాకు సరిగ్గా సరిపోయింది," అని అందరికీ చెప్పాను.

సామాను సర్దుతుంటే వచ్చింది చెల్లెలు. పరిగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. గుమ్మం దగ్గరే ఆగి, నేను రమ్మనేదాకా లోపలికి రాలేదు.

"ఆయన అద్దె మాటెత్తినట్టు నాకు తెలియదక్కా. ఒట్టు. పెంచరు. నేను చెప్తాను."

"పెంచినందుకు కాదే."

"మరి?"

ఎన్ని వారాలుగానో కడుపులో తిరుగుతున్న మాట. బయటికొచ్చేసరికి ఇంతే అయింది. "నువ్వు కొన్నావు కదా. అందుకు."

అది అలాగే కింద కూర్చుంది, కట్టిన మూటల మధ్య. చేతికందిన మూట ముడి విప్పుతూ, మళ్ళీ వేస్తూ ఉంది.

"నీ దగ్గరికి వచ్చి పోయే ప్రతిసారీ బస్సులో నాకు ఏడుపొచ్చేది," అంది కాసేపటికి. "నీకూ బావకీ పాపకీ ఒక తలుపుంది. వేసుకుంటే వేసుకున్నట్టే. మా ఇంట్లో ఏడుగురం. నేను స్నానానికి వెళ్ళినా ఎవరో ఒకరు బయట నుంచి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. మంచివాళ్ళే. ఎవరూ ఏమీ అనరు. కానీ..." ఆగింది. "విడిగా ఉందామంటే ఆయనకి అర్థం కాలేదు. పెట్టుబడి అన్నాను, అద్దె వస్తుందన్నాను. అప్పుడు విన్నారు."

ఇన్నాళ్ళూ గుండీలు కుడుతూ ఇది ఇక్కడ కూర్చున్నది ఇందుకా అనిపించింది. నేను దాన్ని చూసి కుళ్ళుకుంటున్నది ఒక్క ఎండాకాలం. అది నన్ను చూసి ఎన్నేళ్ళుగా కుళ్ళుకుంటోందో, కుళ్ళుకుంటూనే ఎన్ని వందల గుండీలు కుట్టిపెట్టిందో!

"నిజంగానే వెళ్ళిపోతున్నారా?" అని అడిగింది.

ఆ గొంతులో బాధ ఉంది. ఆ బాధ అడుగున, దానికే తెలియకుండా, ఇంకోటి కూడా ఉంది. నాకు వినిపించింది. అక్కని కదా.

"వెళ్తున్నాం," అన్నాను. "ఆ మూట ముడి సరిగ్గా వెయ్యి, దార్లో విడిపోతుంది."

స్కూలు వ్యానులోనే సామాను చేరవేశాం. పిల్లలు కూర్చునే సీట్లలో వరసగా మూటలు, గిన్నెలు, మిషను. వెనక సీటులో పాప, ఒళ్ళో గోడ గడియారం. వీధి మలుపు తిరుగుతుంటే మొదటి వాన మొదలైంది. అద్దం తుడిచే పుల్ల పనిచేయక మా ఆయన తల బయటపెట్టి నడిపాడు.

కొత్త ఇంట్లో సర్దుకోకముందే అమ్మ ఫోను.

"విన్నావా చిన్నదాని నిర్వాకం? మీరు ఖాళీ చేసిన ఇంట్లో అదే కాపురం పెడుతుందట! వచ్చే అద్దె పోగొట్టుకుని! లెక్కలు చెప్పీ చెప్పీ అల్లుడి గొంతు పోయింది. 'ఆ అద్దె నెలనెలా నా జీతంలోంచి నేనే ఇస్తాను, నన్నే అద్దెకున్న మనిషనుకోండి' అందట మొగుడితో!"

"తీసుకుంటున్నాడా?"

"ఆ. వద్దు వద్దంటూనే తీసుకుంటున్నాడట."

నేను పకపకా నవ్వాను. నవ్వి, ఫోను పెట్టేసి, పట్టపగలు లైటు వేసుకుని, ఆ చీకటి గదిలో కూర్చున్నాను. నేను అక్కడ ఉండలేనని పౌరుషంగా బయటికొచ్చాను. వచ్చినంత మాత్రాన ఆ ఇల్లు నా కళ్ళ ముందు నుంచి పోతుందా? ఇప్పుడు నా వంటింట్లో అది గట్టు ముందు నిలబడి ఉంటుంది, నా కిటికీలోంచి నా వీధి చూస్తూ ఉంటుంది అని తలుచుకుంటూ నాలుగు చొక్కాలకి కాలర్లు కుట్టాను. నాలుగూ వంకర పోయాయి.

బడులు తెరిచారు. ఒక తల్లి, మేం మారిన సంగతి తెలియక, పొట్టయిన ప్యాంట్ల మూట పాత ఇంట్లోనే ఇచ్చి వెళ్ళిందట. చెల్లెలు ఫోను చేసింది. పాపని పంపొచ్చు. నేనే వెళ్ళాను. చూడాలని ఉంది, చూడకూడదనీ ఉంది.

తలుపు తెరిచి ఉన్నా బెల్లు కొట్టాను. ఆ బెల్లు బయట నుంచి నేనెప్పుడూ కొట్టి ఎరగను.

"ఇదేంటక్కా, బెల్లు కొడతావు!" అంటూ వచ్చింది. ముఖం తేటపడింది. కాస్త ఒళ్ళు కూడా చేసింది. మిషను ఉండే చోట చిన్న మంచం వేసుకుంది, మీద తెల్లటి దుప్పటి. గట్టు పడగొట్టలేదు. మరిది ఎంత చెప్పినా వినలేదట.

కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆ గదిలో చేతిలో పని లేకుండా కుర్చీలో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎప్పటిలాగే సాయంత్రపు గాలి వచ్చింది. అద్దె ఎవరిస్తున్నారో దానికేం పట్టింది!

"ఎలా ఉందక్కా?"

"బాగుంది," అన్నాను. ఈసారీ బాగుండటమే నా బాధ. మనసులో ఉన్నది మనసులోనే ఉంది. ఒక్క పూటలో పోయే జబ్బు కాదది. కాకపోతే పక్కన ఇంకోటి కూడా ఉంది. ఆ తెల్ల దుప్పటి మీద, నడుం వాల్చి లేచినట్టు ముడతలున్నాయి. సెలవు రోజు, పగటిపూట. అవి చూస్తే కడుపు మండలేదు. ఎందుకో మండలేదు.

మూట చంకలో పెట్టుకుని లేచాను. నన్ను సాగనంపడానికి అదీ లేచింది. ఏవో కబుర్లు చెప్పుకుంటూ గుమ్మం దాకా వచ్చాం. మాట మధ్యలోనే అది చెప్పుల్లో కాళ్ళు పెట్టింది, బయటికి దిగింది.

"వెళ్ళొస్తానక్కా," అంది.

"చీకటి పడకముందే చేరు. వెళ్ళగానే ఫోను చెయ్యి," అన్నాను గుమ్మంలో నిలబడి.

అది రెండు మెట్లు దిగింది. అక్కడ ఆగిపోయింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. గుమ్మంలో నేను, మెట్ల మీద అది. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. అది గోడ పట్టుకుని నవ్వింది. నేను మూట కింద పడేసి నవ్వాను. కింది పోర్షన్‌లోంచి నర్సు తల బయటపెట్టి చూసి, మాకేమైందో అర్థంకాక మళ్ళీ లోపలికి పోయింది.

నేను కళ్ళు తుడుచుకుని, మూట తీసుకుని, చెప్పులేసుకుని దిగాను. అది ఎక్కుతోంది. ఆ మెట్ల మీద ఇద్దరు మనుషులు పట్టరు, ఒకరు గోడకి ఆనుకుని ఒదిగితే తప్ప.

నేను ఒదిగాను. అది పైకి వెళ్ళింది.